కూర్చున్న యువతి చిత్రం – ఇంప్రెషనిస్టు వర్ణదృష్టి: తద్గుణ, అనుగుణ, మీలితాల అన్వయం

వ్యాససంగ్రహం:
ఇంప్రెషనిస్టు చిత్రకారులు తైలవర్ణాలలో గీసిన ‘కూర్చున్న యువతి’ చిత్రాలను తెలుగులో వివరించబూనినప్పుడు నాయికావర్ణన పరిభాష సులువుగా చేతికి అందుతుంది. ఆ పరిభాష ఉపమాన ప్రధానమైనది. ఈ చిత్రాలలోని రంగుల వ్యవస్థను వివరించడానికి అది చాలదు. అలంకారశాస్త్రంలోనే ఉన్న తద్గుణ, అనుగుణ, మీలితాలు ఇందుకు ఎక్కువ దగ్గరగా వస్తాయి. బెర్త్ మోరిసో 1872లో చిత్రించిన ‘ఊయల’ను ప్రధానాధారంగా తీసుకొని, ఈ అలంకారాలు ఎంతవరకు అన్వయిస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. భద్రాచలం అటవీ సరిహద్దులోని వెలుగును, రాజమహేంద్రవరం చిత్రకళా సంప్రదాయాన్ని ఇందుకు తులనాత్మకంగా ఉపయోగించడం జరిగింది.

కీలకపదాలు: రూపచిత్రం, తైలవర్ణం, ఇంప్రెషనిజం, తద్గుణం, అనుగుణం, మీలితం, బెర్త్ మోరిసో, దామెర్ల రామారావు, భద్రాచలం.

1. ఉపోద్ఘాతం

భద్రాచలం మూలవిరాట్టులో సీతాదేవి శ్రీరాముని ఎడమ తొడపై ఆసీనురాలై ఉంటుంది. పక్కన లక్ష్మణుడు నిలిచి ఉంటాడు. ఖమ్మం దాటి అడవి అంచు వెంట గోదావరి వైపు సాగే ప్రాంతంలో ‘కూర్చున్న యువతి’ అనగానే మొదట స్ఫురించే మూర్తి ఇదే. ఆ మూర్తి సీతది అని గుర్తించడానికి ముఖపోలికతో పనిలేదు. కూర్చున్న చోటు, ఆమె ఉన్న పక్క, చుట్టూ ఉన్నవారు తెలిస్తే చాలు. ఇదే ప్రాంతంలోని కోయల పడిగెలపై కనిపించే రూపాలను కూడా వంశగాథ తెలిసినవారే పోల్చుకోగలరు. డోలీలు ఆ గాథను గానం చేస్తున్నప్పుడు గుడ్డమీది రూపానికి పేరు వస్తుంది. రెండింటిలోనూ గుర్తింపు కథ నుంచి, లక్షణం నుంచి కలుగుతుంది.

కావ్యంలో కూర్చున్న స్త్రీ మరొక విధంగా కనిపిస్తుంది. మనుచరిత్రలో ప్రవరుడు వరూధినిని చూడడానికి ముందే గాలిలో తేలివచ్చిన పరిమళం మనిషి ఉనికిని చెబుతుంది. ఆ తరువాతనే వీణ పట్టి కూర్చున్న స్త్రీ కంటికి కనిపిస్తుంది, వర్ణన మొదలవుతుంది. వాల్మీకి సుందరకాండలో అశోకవనంలో కూర్చున్న సీతను హనుమంతుడు తొలిసారి చూసినప్పుడు వరుసగా వచ్చే ఉపమానాలు చాలావరకు అవయవాలకు సంబంధించినవి కావు. పొగ కమ్మిన మంట, శుక్లపక్షారంభంలోని సన్నని చంద్రరేఖ వంటివి ‘ఉన్నది సరిగా కనబడకపోవడం’ అనే స్థితిని చెప్పే పోలికలు. ఈ రెండు ఘట్టాలూ సంప్రదాయంలో ఆపాదమస్తక వర్ణన ఒక్కటే లేదని గుర్తుచేస్తాయి. అయినప్పటికీ స్త్రీమూర్తిని చూపే చిత్రం ఎదురైనప్పుడు తరగతి గదిలోను, వ్యాసంలోను మొదట పలికేవి కలువకన్నులు, చంద్రవదనం, లతాతనువు వంటి మాటలే. అవి ఇంప్రెషనిస్టు చిత్రం ముందు ఎందుకు నిలవవో తెలియాలంటే ఆ చిత్రం ఎలా తయారవుతుందో ముందుగా తెలియాలి.

2. రంగు పక్కన రంగు

1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, ఛాయాచిత్రకారుడు నాదార్ అంతకుముందు వాడిన స్టూడియోలో, కొందరు చిత్రకారులు స్వయంగా ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. మోనే ప్రదర్శించిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ పేరును పట్టుకొని లూయీ లెరువా అనే విమర్శకుడు ఎగతాళిగా వాడిన మాటే ఉద్యమానికి పేరైంది. 1886 వరకు ఎనిమిది ప్రదర్శనలు జరిగాయి. భద్రాచలం తాలూకాను సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు బదిలీ చేసింది కూడా 1874లోనే. ఈ రెండు సంఘటనలకూ ఏ సంబంధమూ లేదు. కాని ఆ బదిలీ ఫలితంగా భద్రాచలం రాజమహేంద్రవరంతో ఒకే జిల్లాలో చేరిందన్న విషయం ఈ వ్యాసంలో తరువాత అవసరమవుతుంది.

‘ఇంప్రెషన్’ అనే మాటకు ‘ముద్ర’ అనే అర్థం చెబితే అచ్చుగుద్దినట్లు నిలిచిపోయిన గుర్తు స్ఫురిస్తుంది. చిత్రకారులు ఉద్దేశించినది దాదాపు దానికి విరుద్ధం: ఒకానొక క్షణంలో, ఒకానొక వెలుగులో కంటికి తగిలినది, మరుక్షణం మారిపోయేది. అందుచేత ఈ వ్యాసంలో అనువాదం చేయకుండా ఇంప్రెషనిజం అన్న మాటనే వాడడం జరిగింది.

క్షణాన్ని పట్టుకోవడానికి పనిముట్లు కావాలి. తైలవర్ణం అంటే రంగుపొడిని అవిసెనూనె వంటి ఎండే నూనెలో నూరినది. నీటిరంగు నీరు ఆవిరై ఎండుతుంది. నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. అందువల్ల ఒక రంగు ఆరకముందే దానిపై మరొక రంగు వేయవచ్చు, గీకి తీసివేయవచ్చు, మళ్లీ వేయవచ్చు. పాత అకడమిక్ పద్ధతిలో ముదురు పూతపై పలచని పొరలు ఒకటి ఆరిన తరువాత మరొకటి వేసి, చివర వార్నిష్ పూసి, కుంచె జాడలు కనబడకుండా చేసేవారు. జాన్ గోఫ్ రాండ్ 1841లో పేటెంటు పొందిన లోహపు ట్యూబు వచ్చిన తరువాత రంగులను ఆరుబయటికి తీసుకుపోవడం సులువైంది. కోబాల్ట్ నీలం, కృత్రిమ అల్ట్రామరైన్, విరిడియన్ పచ్చ వంటి పందొమ్మిదో శతాబ్దపు రంగులు పలకపైకి వచ్చాయి. లేతరంగు పూసిన కాన్వాసుపై, తడి మీద తడిగా, విడివిడి కుంచెపోట్లతో వేగంగా పనిచేయడం సాధ్యమైంది.

పనిముట్ల కంటె ముఖ్యమైనది చూపు. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో రంగుల అద్దకానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కు నల్ల దారాలలో పటుత్వం లేదన్న ఫిర్యాదు వచ్చింది. పరీక్షించగా లోపం అద్దకంలో లేదని, పక్కన నేసిన నీలం, ఊదా దారాల ప్రభావం వల్ల నలుపు వెలవెలబోయినట్లు కనిపిస్తున్నదని ఆయన గుర్తించాడు. ఏ రంగూ ఒంటరిగా కనబడదని, పక్క రంగు దానిని మారుస్తుందని వివరించే ఆయన గ్రంథం 1839లో వెలువడింది. సిద్ధాంతాన్ని ప్రతి చిత్రకారుడూ చదివాడని చెప్పనక్కరలేదు. నేతగానికి, అద్దకందారుకు అనుభవంలో తెలిసిన విషయమే అది.

భద్రాచలం అడవి అంచులో ఈ విషయాన్ని కంటితోనే పరీక్షించుకోవచ్చు. ఫాల్గుణంలో ఆకు రాల్చిన మోదుగ చెట్టు పూస్తుంది. బూడిదరంగు కొమ్మల మధ్య ఆ పువ్వు ఒక రకమైన ఎరుపు, వెనుక తేటనీలి ఆకాశం ఉన్నప్పుడు మరింత మండే నారింజ. పువ్వు మారలేదు, వెనుక ఉన్నది మారింది. ఇక నడివేసవి మధ్యాహ్నం చింతచెట్టు కింద తెల్లని నూలుచీర కట్టిన ఒక యువతి కూర్చున్నదనుకుందాం. ఎండ తగిలిన చోట చీర లేతపసుపు. నీడ పడిన మడతలను ఆకాశపు వెలుగు మాత్రమే తాకుతుంది కనుక అవి నీలిమ పట్టి ఉంటాయి. నేలకు దగ్గరగా ఉన్న అంచులకు, గడ్డం కిందికి ఎర్రమట్టి నుంచి ఎగసిన కాంతి చేరి వాటిని వెచ్చబరుస్తుంది. ఆకుల గుండా వచ్చిన వెలుగు చెంపపై కొంత ఆకుపచ్చను పులుముతుంది. చీరపై అక్కడక్కడ పడిన గుండ్రని వెలుగు మరకలు ఆకుల సందుల గుండా ఏర్పడిన సూర్యబింబ ప్రతిరూపాలు. సూర్యగ్రహణం నాడు ఇవే నెలవంకలుగా మారడం చాలామంది గమనించిన విషయమే. చీర తెల్లనిదని అందరికీ తెలుసు. అయినా చూస్తున్నంతసేపూ కేవలం తెలుపు అనదగిన చోటు దానిలో ఎంతో ఉండదు.

ఈ తెలిసిన తెలుపుకు, కనిపించే రంగుకు మధ్య ఉన్న దూరమే 1876లో వివాదమైంది. ఆ ఏటి రెండవ ప్రదర్శనలో రెన్వార్ ఆరుబయట చెట్ల వెలుగులో ఉన్న ఒక యువతి అర్ధరూపాన్ని ప్రదర్శించాడు. చర్మంపై పడిన ఆకుపచ్చ, ఊదా ఛాయలను చూసిన విమర్శకుడు ఆల్బేర్ వూల్ఫ్ అది కుళ్లుతున్న దేహంలా ఉందని ‘ఫిగారో’ పత్రికలో దుయ్యబట్టాడు. అతనికి చర్మం రంగు ఏమిటో ముందే తెలుసు. తెలిసినదానికి భిన్నంగా కనిపించినది అతనికి రోగమైంది.

3. మూడు అలంకారాలు

వూల్ఫ్‌కు అందని విషయానికి తెలుగు అధ్యాపకుని చేతిలో ఒక పేరు ఉంది. ఒక వస్తువు తన గుణాన్ని విడిచి సమీపంలోని వస్తువు గుణాన్ని స్వీకరించినట్లు చెప్పడం తద్గుణాలంకారం. చంద్రాలోక, కువలయానంద సంప్రదాయంలో ప్రసిద్ధమైన ఉదాహరణ నాయిక ముక్కుకు ఉన్న ముత్యం పెదవి కాంతి సోకి పద్మరాగంలా మారడం. తెల్లని వస్తువు పక్కనున్న ఎరుపును తనలోకి తీసుకొన్నది. చింతచెట్టు కింది చీర అంచు ఎర్రమట్టిని తీసుకొన్నట్లే ఇది.

దీనికి తోబుట్టువులాంటిది అనుగుణం. ఇందులో గుణం మారదు. ముందునుంచి ఉన్న గుణమే పరసన్నిధి వల్ల అధికమవుతుంది. చెవిన ధరించిన నల్లకలువలు కడగంటి చూపులు సోకి మరింత నల్లనవడం దీనికి చెప్పే ఉదాహరణ. మోదుగపువ్వు నీలాకాశం ముందు మరింత మండడం ఈ కోవలోనిదే. అయితే ఇక్కడ ఒక తేడా ఉన్నది. ఆలంకారికుడు సజాతీయ వర్ణంతో ఆధిక్యం చెప్పాడు, షెవ్రల్ విరుద్ధవర్ణంతో చెప్పాడు. ఆధిక్యానికి కారణం ‘సమీపంలో ఉండడమే’ అన్న అంశంలో మాత్రం ఇద్దరూ ఏకీభవిస్తారు.

మూడవది మీలితం. సమానగుణం వల్ల రెండు వస్తువుల మధ్య భేదం కనబడకపోవడం దీని లక్షణం. సహజంగానే ఎర్రనైన పాదంపై లత్తుక పూసినా తెలియకపోవడం సుపరిచితమైన ఉదాహరణ. చిత్రకారులు అంచును కావాలని పోగొట్టుకోవడం అనే పని ఇదే. తెల్లని ముంజేయి తెల్లని తెరపై పడినప్పుడు, ఎక్కడ చేయి ఆగి తెర మొదలైందో చెప్పకుండా వదిలివేయడం.

ఉపమలో ముఖాన్ని చెప్పడానికి చంద్రుడు రావాలి. చంద్రుడు ఆ గదిలో ఉండడు. పై మూడింటిలో మాత్రం సంబంధం ఎదుట పక్కపక్కన ఉన్న వస్తువుల మధ్యనే ఏర్పడుతుంది. ఇంప్రెషనిస్టు చిత్రవివరణకు ఇవి పనికివస్తాయనడానికి ఇదే కారణం.

పోలికను ఇంతకు మించి లాగడం సరికాదు. కావ్యంలో తద్గుణం అతిశయం కోసం వస్తుంది. ముత్యం ఎర్రబడడం వల్ల పొగడ్త పెదవికి దక్కుతుంది. చిత్రంలో చెంపపై ఆకుపచ్చ పడడం వల్ల ఎవరికీ పొగడ్త దక్కదు, అది గమనింపు మాత్రమే. ఇంతకంటె లోతైన భేదం ‘స్వగుణత్యాగం’ అనే మాటలో ఉన్నది. విడిచిపెట్టడానికి ముందు ఒక సొంత గుణం ఉండాలి. శాస్త్రం ముత్యానికి తెలుపును ఇచ్చిన తరువాతనే దానిని ఎర్రబరుస్తుంది. పోయిన గుణం తిరిగి వస్తే దానికి పూర్వరూపం అని మరొక అలంకారమే ఉన్నది. ఇంప్రెషనిస్టుకు ఈ ‘పూర్వరూపం’ మీదనే అనుమానం. చీరకు ఏ వెలుగుతోను సంబంధం లేని రంగు ఒకటి ఎక్కడైనా కనిపిస్తుందా అని అతడు అడుగుతాడు. మూడు అలంకారాలూ పాఠకుణ్ని ఆ ప్రశ్న దాకా తీసుకువెళ్లగలవు.

4. ‘ఊయల’

బెర్త్ మోరిసో (1841–1895) 1874 నాటి తొలి ప్రదర్శనలో పాల్గొన్న చిత్రకారిణి. ఎనిమిది ప్రదర్శనలలో 1879 నాటిది తప్ప తక్కినవాటన్నింటిలోను ఆమె చిత్రాలు ఉన్నాయి. తొలి ప్రదర్శనలో ఉంచిన వాటిలో ఒకటి 1872లో గీసిన ‘ఊయల’. చిన్న చిత్రమే, సుమారు 56×46 సెంటీమీటర్లు. ప్రస్తుతం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

ముదురు దుస్తులు ధరించి, మెడకు నల్లని పట్టీ కట్టుకొన్న ఒక యువతి కూర్చొని ఉంది. ఎడమచేయి మడిచి చెంపకు ఆనించుకొన్నది. కుడిచేత్తో ఊయలపై వేలాడే పలచని తెర అంచును పట్టుకొన్నది. తెర వెనుక బిడ్డ నిద్రపోతున్నది. బిడ్డ చేయి కూడా తల్లి చేతిలాగే మడిచి ఉంటుంది. తల్లి చూపు, మడిచిన చేయి, బిడ్డ మూసిన కళ్లు ఒక ఏటవాలు గీతగా కుదురుతాయి. వెనుకనున్న కిటికీ తెర కూడా ఆ వాలునే అనుసరిస్తుంది.

నాయికావర్ణన పద్ధతిలో ఈ చిత్రాన్ని వర్ణించడం మొదలుపెడితే నాలుగు వాక్యాలలో ముగిసిపోతుంది. ఆమె కన్నులు వాలి ఉన్నాయి, కలువలను తెచ్చే అవకాశం లేదు. పై మూడు అలంకారాలతో చూస్తే చాలా సంగతులు కనిపిస్తాయి. చిత్రంలో సగానికి పైగా తెలుపే. కాని ఆ తెలుపు ఒక్కటి కాదు. కిటికీ తెరది చల్లని తెలుపు, ఊయల తెర మడతలలో నీలిబూడిద, అంచు దగ్గర గులాబి. ఇది తద్గుణం. ఆమె ముదురు దుస్తులు ఈ తెలుపుల మధ్య ఉండడం వల్ల మరింత ముదురుగాను, తెరలు మరింత పలచగాను కనిపిస్తాయి. ఇది అనుగుణానికి దగ్గరి వ్యవహారం. ఇంప్రెషనిస్టులు నలుపును బహిష్కరించారన్న మాట పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది కాని ఈ చిత్రంలోని మెడపట్టీ చాలు దానిని సందేహించడానికి. ఇక తెర గుండా కనిపించే బిడ్డ ముఖం మీలితం. తెర తెలుపు, పరుపు తెలుపు, బిడ్డ చెంప ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బిడ్డ అక్కడ ఉన్నదని తెలుస్తుంది, సరిహద్దు తెలియదు. పొగ కమ్మిన మంట ఇక్కడ గుర్తుకు రావడం సహజం.

ఆ తెరను చూపరికి, బిడ్డకు మధ్య నిలుపుతున్నది కూర్చున్న యువతి. చూపరికి ఎంత కనబడాలో నిర్ణయించే చేయి ఆమెదే. బిడ్డ వైపు ఆమె చూపులో వాత్సల్యం ఉన్నదని చెప్పడం తేలిక, అది నిజం కూడా. దానితో పాటు అలసటగాని, ఎక్కడో ఉన్న ఆలోచనగాని ఉన్నదా అన్న ప్రశ్నకు చిత్రంలోని వాలిన కళ్లు జవాబు ఇవ్వవు. దానికి చిత్రం వెలుపలికి పోవలసి ఉంటుంది. ఆ విషయం చివరి భాగంలో చర్చించబడుతుంది.

5. రాజమహేంద్రవరం ఎంచుకొన్న దారి

ఇంతటి వెలుగు ఉన్న గోదావరి తీరంలో ఈ రకమైన రూపచిత్రం ఎందుకు బలపడలేదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. భద్రాచలం మీదుగా వచ్చి పాపికొండల గుండా సాగే నది రాజమహేంద్రవరం చేరుతుంది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేవరకు భద్రాచలం ప్రాంతం రాజమహేంద్రవరంతో ఒకే జిల్లాలో ఉండేది. ఆ రాజమహేంద్రవరంలోనే ఆధునిక ఆంధ్ర చిత్రకళకు ఆద్యుడుగా భావించే దామెర్ల రామారావు (1897–1925) పుట్టి, మశూచితో ఇరవై ఏడేళ్లకే మరణించాడు.

రామారావుకు పాశ్చాత్య పద్ధతి తెలియదని అనలేము. రాజమహేంద్రవరం కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లి శిక్షణ పొందాడు. నమూనాను ఎదుట కూర్చోబెట్టి గీయడం, తైలవర్ణం అక్కడి చదువులో భాగం. తిరిగి వచ్చి తన ఊరిలో చిత్రకళాశాల స్థాపించిన తరువాత ఆయన ప్రతిభ ప్రధానంగా నీటిరంగులలో, రేఖలో వికసించింది. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి చిత్రాలలో స్త్రీమూర్తి అంచు ఎక్కడా కరగదు. రంగు రేఖకు లోబడి ఉంటుంది. మన పరిభాషలో చెప్పాలంటే అక్కడ మీలితానికి చోటు లేదు.

దీనిని లోపంగా చూడడం తొందరపాటు. స్వదేశీ ఉద్యమ కాలంలో రేఖను ఎంచుకోవడం అజంతాను ఎంచుకోవడం, తైలవర్ణ రూపచిత్రం సంస్థానాధీశుల, దొరల గోడలకు చెందిన వస్తువుగా కనిపించింది. పారిస్ చిత్రకారులు అకడమీ మీద తిరుగుబాటుగా రేఖను కరిగించారు. రాజమహేంద్రవరం చిత్రకారుడు అదే అకడమీ వలసరూపం మీద తిరుగుబాటుగా రేఖను నిలబెట్టాడు. విమర్శకులు ఈ రెండింటిని ‘ఆధునికత’ అన్న ఒకే మాట కింద చేర్చినప్పుడు ఈ ఎదురెదురు నడక మరుగున పడుతున్నది.

రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులు. రాజమహేంద్రవరంలోని దామెర్ల స్మారక చిత్రశాల గురించి వ్రాసేవారు వారి పేర్లను ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగడం పరిపాటి. పరిశోధక విద్యార్థులకు ఇక్కడ స్వతంత్రమైన అంశం ఉన్నది.

6. పేరు, ఆసనం

రెన్వార్ 1874లో ప్రదర్శించిన ‘థియేటర్ బాక్స్’ చిత్రంలో ముందు కూర్చున్న యువతికి నమూనాగా ఉన్నది నీనీ లోపెజ్. చిత్రం పేరు ఆమె కూర్చున్న చోటును చెబుతుంది, ఆమెను చెప్పదు. ‘ఊయల’ పేరు కూడా అంతే, ఎదుట కూర్చున్న స్త్రీని వదిలి పక్కనున్న వస్తువును పట్టుకొన్నది. ఏజెన్సీ ప్రాంతపు పాత ఛాయాచిత్రాల కింద ‘కోయ యువతి’ అని మాత్రమే వ్రాసి ఉండడం కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. అక్కడ ఆసనం స్థానంలో తెగ పేరు వచ్చింది. పడిగెమీది రూపానికి డోలీ పాటలో పేరు ఉంటుంది. కెమెరా ముందు కూర్చున్న స్త్రీకి ఆ అవకాశం కూడా దక్కలేదు.

‘ఊయల’లో కూర్చున్న యువతి పేరు ఎద్మా. బెర్త్ మోరిసోకు అక్క. తెర వెనుక నిద్రిస్తున్నది ఆమె కూతురు బ్లాంష్. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి చిత్రకళ నేర్చుకొన్నారు, కొరో వద్ద శిక్షణ పొందారు, కలిసి ప్రదర్శనలలో పాల్గొన్నారు. 1869లో నౌకాదళ అధికారి అడాల్ఫ్ పొంతియోఁతో వివాహమైన తరువాత ఎద్మా వృత్తిగా చిత్రించడం మానుకొన్నది. మూడేళ్ల తరువాత చెల్లెలు ఆమెను ఊయల పక్కన కూర్చోబెట్టి ఈ చిత్రం గీసింది. చెంపకు ఆనించిన ఆ చేయి ఒకప్పుడు కుంచె పట్టిన చిత్రకారిణిది.

ఈ విషయం తెలిసిన తరువాత ఆ తెర, దానిని పట్టుకొన్న వేళ్లు ముందువలె కనిపించవు. రంగుల సంబంధాలను ఎంత జాగ్రత్తగా చదివినా ఈ సమాచారం వాటి నుంచి రాదు. అలాగని జీవితచరిత్ర ఒక్కటే చాలునని కూడా అనలేము. ఎద్మా విచారంగా ఉన్నదని నిర్ణయించడానికి ఆమె వివాహ తేదీ ఆధారం కాజాలదు. చెల్లెలు ఆ ముఖాన్ని ఎక్కడ స్పష్టంగా గీసిందో, ఎక్కడ వదిలివేసిందో చూడవలసిందే. ముఖం ఊయల తెర కంటె స్పష్టంగా ఉంది. చేతివేళ్ల దగ్గర మాత్రం కుంచె వేగంగా, సగంలో వదిలినట్లుగా సాగింది.

‘ఊయల’ 1874 ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. 1930లో లూవ్ర్ మ్యూజియం కొనుగోలు చేసేవరకు అది కుటుంబం వద్దనే ఉంది. ఎద్మా తన చెల్లెలిని గీసిన చిత్రం కూడా ఒకటి లభిస్తున్నది. సుమారు 1865 నాటి ఆ తైలవర్ణ చిత్రంలో బెర్త్ ఈజిల్ ముందు, చేతిలో రంగుపలకతో పనిలో నిమగ్నమై కనిపిస్తుంది. ఆమె చూపు ఎదుటివారి వైపు లేదు, తాను గీస్తున్న కాన్వాసు మీద ఉంది.